తరువాత నేమయ్యెను?

కథ వినువాని నోట వెలువడు మాటలలో మిక్కిలి ప్రాచీనమైనది "తరువాత?" అను మాట. రాత్రివేళ అవ్వ ప్రక్కన పరుండి కథకు ఊకొట్టుచున్న పసివాడు, ఊకొట్టుట మఱచి, తల యెత్తి ఈ మాట యడిగెనా, కథ వానిని పట్టుకొన్నదని తెలియవలెను. ఆ యొక్క క్షణమును చేజార నీయక రెండువందల పుటల పొడవున నిలిపియుంచు విద్య యొకటి కలదు. ఆ విద్యనుండి పుట్టినవే సాహస నవలలును, రహస్య నవలలును, అపరాధ పరిశోధక నవలలును. దాగిన నిధి, జాడ తెలియని మనిషి, తాను చేయని నేరమును మోయు నిర్దోషి, ఎవ్వరును కాలు మోపని దీవి, పోయినవారు తిరిగి రారని చెప్పుకొను గుహ - ఇట్టివి వీనికి కథావస్తువులు. చదువరి మనస్సున ఇవి కలిగించు ఆతురతకు ఉత్కంఠ యని పేరు.

ప్రధానోపాధ్యాయ పదవిలో నున్నవారికి తల్లిదండ్రులు తెచ్చు ఫిర్యాదులలో ఒకటి తఱచుగా వినబడునది: "మావాడు పాఠ్యపుస్తకము నడుమ నవల పెట్టుకొని చదువుచున్నాడు." పిల్లవాడు చదువుట లేదని కాదు, చదువుచున్నాడని ఫిర్యాదు! ఈ పుస్తకములు కాలమును వృథా చేయునా, లేక బుద్ధికి పదును పెట్టునా? యంత్రమును విప్పి చూచినవాడే దాని బాగోగులు చెప్పగలడు గనుక, ముందుగా ఇట్టి కథ యెట్లు కట్టబడునో చూతము.

ఓరుగల్లునకు చేరువనున్న మా ధర్మసాగరమునకు సాగరమను మాట ఊరక రాలేదు. ఊరి చెఱువు పెద్దది. నేడు దేవాదుల ఎత్తిపోతల పథకము వలన గోదావరి జలము గొట్టములలో పయనించి వచ్చి ఇందు చేరుచున్నది. ఆ ప్రాంతముననే ఇనుపరాతి గుట్టలు, వాని నంటి అడవి కలవు. కట్ట, తూము, మత్తడి, గుట్ట - కథకునకు ఇంతకు మించిన సామగ్రి యక్కఱలేదు. తూములకు ఇనుపతలుపులు లేని పాతకాలమున జరిగినట్లుగా ఒక చిన్న కథను కల్పింతము.

తెల్లవాఱుజామున ఒక బాలుడు కట్టమీదికి వచ్చెను. నడిచెఱువులో ఒక తెప్ప తేలియాడుచుండెను. దానిపై మనిషి లేడు. లాంతరు మాత్రము వెలుగుచుండెను. తూమునొద్ద రాతిమెట్లపై తడిపాదముల గుర్తులు పైకి ఎక్కివచ్చి, కట్టమీది పొడిమట్టిలో కలిసిపోయినవి. బాలుడు భయపడి నీరటి గుడిసెకడకు పరుగెత్తెను. చెఱువునీటిని వంతుల ప్రకారము పొలములకు విడుచు గ్రామసేవకుడే నీరటి. అతడు గుడిసెముందు నిలిచి తలగుడ్డ పిండి ఆరవేయుచు, "రాత్రంతా ఇక్కడనే పండుకున్న. ఏ చప్పుడూ వినలే" అనెను. ఊరు మేలుకొనెను. తెప్ప యెవరిది? దానిపై పోయినవా డేమయ్యెను? మునిగిపోయెనా? జాలరులు వలలతో నీటిలో దిగిరి.

ఇంతవఱకు చదివినవారిలో తలగుడ్డను గమనించినవా రెందఱు? కట్టమీది మట్టి పొడిగా నున్నదని కథకుడు ముందే చెప్పియున్నాడు. అనగా ఆ రాత్రి వాన లేదు. వాన లేని రాత్రి గుడిసెలో పరుండినవాని తలగుడ్డ ఏల తడిసెను? దిగువనున్న ఒక ధనవంతుని పొలమునకు వంతు కాని నీరు విడుచుటకై, నీరటి చీకటిలో తెప్పమీద తూమునొద్దకు పోయి, నీట మునిగి, తూము మూత ఎత్తెను. అతడు పైకి తేలునప్పటికి తెప్ప గాలికి కొట్టుకొనిపోయెను. ఈది వచ్చి మెట్లెక్కెను. లాంతరు ఇంకను వెలుగుచుండుట, ఇది జరిగి ఎంతోసేపు కాలేదనుటకు గుర్తు.

ఇప్పుడు మఱియొక ముగింపును ఊహింపుడు. చివరి పుటలో, అంతవఱకు పేరైనను వినబడని మాంత్రికు డొకడు ఇనుపరాతి గుట్టలనుండి దిగివచ్చి, "ఈ మాయ నాది" యనెను. చదువరికి కోపము రాదా? మొదటి ముగింపును విన్నప్పుడు "అయ్యో, ఇది నా కంటి ముందే యున్నదే!" యని నొచ్చుకొనును. రెండవదానిని విన్నప్పుడు "నన్ను మోసగించినారు" అని పుస్తకము విసరివేయును. ఈ రెండు భావముల నడుమ నున్న భేదమే ఇట్టి నవలల ధర్మశాస్త్రము. కథకుడు దాచవచ్చును, అబద్ధమాడరాదు. నీరటి అబద్ధమాడవచ్చును, అతడు పాత్ర. కథకుడు ఆడరాదు. గొట్టములో నున్నంతసేపు గోదావరినీరు మన కంటికి కనబడదు, అయినను అది పాఱుచునే యుండి ధర్మసాగరమున పైకి వచ్చును. మంచి నవలలో మొదట చూపిన ఆధారమును ఇట్లే కనబడక పాఱుచుండి కడపట బయల్పడును.

ఈ ధర్మమును పాటించిన ప్రసిద్ధ నవలలలో ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ వ్రాసిన భూప్రదక్షిణ కథ యొకటి. దీనిని తెలుగున "80 రోజుల్లో భూప్రదక్షిణం" అను పేర ముళ్ళపూడి వెంకటరమణ అందించెను. ఫిలియాస్ ఫాగ్ అను లండను పెద్దమనిషి 80 దినములలో భూమిని చుట్టివత్తునని 20,000 పౌనుల పందెము వేసి, 1872 అక్టోబరు 2వ తేదీ రాత్రి బయలుదేరును. డిసెంబరు 21వ తేదీ రాత్రి 8 గంటల 45 నిమిషములకు తన క్లబ్బులో కనబడవలెను. ఆ యూళ్లలోనే ఒక బ్యాంకులో దొంగతనము జరుగును. ఫాగే ఆ దొంగయని భ్రమపడిన ఫిక్స్ అను పరిశోధకుడు లోకమంతట వెంటబడును. బొంబాయినుండి కలకత్తాకు పోవు రైలుబాట నడుమ పూర్తికాకుండుటచే ఫాగ్ ఏనుగును కొని అడవి దాటును. తుపాను, తప్పిన ఓడ, రైలుమీద దాడి - ఆటంకమువెంట ఆటంకము. కడకు లండను చేరునప్పటికి గడువు దాటి అయిదు నిమిషము లాయెను. ఫాగ్ సర్వస్వమును కోల్పోయినవాడై ఇంట కూర్చుండును.

ఒక పాఠశాలలో ఎనిమిదవ తరగతివారికి ఈ కథను చదివి వినిపించుచు, నేను శుక్రవారము నాడు ఈ ఘట్టముననే పుస్తకము మూసితిని. సోమవారము నాడు తరగతిలో అడుగు పెట్టకమునుపే ఒక బాలిక లేచి, "సార్, ఆ గడియారం ముచ్చట ఏమైంది?" అని యడిగెను. నా ఉద్యోగకాలములో నాకు లభించిన బహుమానములలో ఆ ప్రశ్న యొకటి.

ఏ గడియారము? ఫాగ్ సేవకుడైన పాస్‌పర్తూ చేతిలోనిది. వాడు దానిని లండనులో సరిచేసినది మొదలు ఎన్నడును ముల్లు త్రిప్పలేదు. ఆయా దేశముల వేళకు మార్చుకొమ్మని ఇతరులు చెప్పినను వినలేదు. సూర్యుడే తప్పు నడచుచున్నాడని వాని నమ్మకము! పసిఫిక్ సముద్రమున 180వ రేఖాంశము కడ వాని గడియారమును ఓడ గడియారమును ఒకే వేళ చూపినవి. వాడు పొంగిపోయెను. నిజమునకు అప్పటికి సరిగా పండ్రెండు గంటల తేడా వచ్చినది. పండ్రెండంకెల ముఖముపై ఆ తేడా కనబడదు. భూగోళ పాఠమున మీరు చదివినదే: తూర్పుగా పోవువానికి ఒక్కొక్క డిగ్రీకి సూర్యుడు 4 నిమిషములు ముందుగా ఉదయించును. భూమి చుట్టును 360 డిగ్రీలు. నాలుగుచే హెచ్చించినచో 1440 నిమిషములు. అనగా 24 గంటలు. తూర్పుదిక్కుగా చుట్టివచ్చిన ఫాగ్ తన కన్నుల ముందు 80 దినములు గడచుట చూచెను. లండనులో కూర్చున్న అతని మిత్రులకు గడచినవి 79 మాత్రమే. ఒక దినము అతని చేతిలో మిగిలియే యున్నది! ఆ సంగతి ఆఖరి గడియలలో తెలిసి, అతడు 8 గంటల 44 నిమిషముల 57 సెకనులకు క్లబ్బు తలుపు తెఱచును. ఆ మూడు సెకనులకంటె నాకు ఆ గడియారమే ఆశ్చర్యము గొలుపును. రచయిత కీలకమును పదేపదే మన ముందు పెట్టెను. మనము దానిని ఒక తెలివితక్కువ సేవకుని మొండిపట్టుగా తలచి నవ్వి ముందుకు పోయితిమి.

జర్మనీ దేశమున ఎరిక్ కేస్ట్నర్ 1929లో వ్రాసిన "ఎమిల్" కథలో ఇంతకంటె చిన్న వస్తువు ఇంతటి పని చేయును. తల్లి పంపిన సొమ్ము తీసికొని బెర్లిను నగరమునకు రైలులో పోవు ఎమిల్ అను బాలుడు, నోట్లు జారిపోవునని కోటు లోపలివైపున వానిని ఒక గుండుసూదితో గుచ్చి పెట్టుకొనును. నిద్రించిన సమయమున తోటి ప్రయాణికుడు సొమ్ము దొంగిలించును. నగరములోని పిల్లలందఱు కలిసి దొంగను బ్యాంకువఱకు తఱిమినను, సొమ్ము ఎమిల్‌దేయని నిరూపించు టెట్లు? నోట్లలో సూదిపోటు రంధ్రము లున్నవి. అంతియే.

అయితే రహస్యమును చదువరినుండి దాచినప్పుడే ఉత్కంఠ పుట్టుననుకొనరాదు. అమెరికా రచయిత మార్క్ ట్వేన్ 1876లో ప్రకటించిన "టామ్ సాయర్" నవలలో అర్ధరాత్రి శ్మశానమున ఒక హత్య జరుగును. హంతకుడు జో యని టామ్‌కును అతని మిత్రుడు హక్‌కును తెలియును, మనకును తెలియును. కాని నేరము మఫ్ పాటర్ అను త్రాగుబోతుపై పడును. మాటాడినచో హంతకుడు తమను చంపునను భయముచే బాలు రిద్దఱు నోరు విప్పమని ఒట్టు పెట్టుకొందురు. పాటర్‌కు ఉరి తప్పదని ఊరంతయు చెప్పుకొనుచుండగా, టామ్ చెఱసాల కిటికీగుండ అతనికి చిన్నచిన్న వస్తువు లందించి, అతడు చేతులు పట్టుకొని కృతజ్ఞత తెలుపుకొన్నప్పుడు లోలోపల కుమిలిపోవును. ఇచ్చట "హంతకు డెవడు?" అనునది ప్రశ్న కాదు. "టామ్ నిజము చెప్పునా?" అనునది ప్రశ్న. కడపట న్యాయస్థానమున అతడు సాక్ష్యమిచ్చుటకు లేచుటయు, జో కిటికీ బ్రద్దలుకొట్టుకొని పాఱిపోవుటయు చదివినవారు మఱువలేరు. ఒక్క మాట చెప్పక తప్పదు: జో దుష్టుడగుటకు అతని జాతియే కారణమన్నట్లు ఆ నవలలో అక్కడక్కడ కనబడును. ఆ దేశపు ఆదివాసులపట్ల ఆనాటి తెల్లవారి కున్న చిన్నచూపు అది. చదువునప్పుడు దానిని గుర్తించుట మంచిది.

ఈ నవలను తెలుగు పిల్లల చేతిలో పెట్టినవాడు నండూరి రామమోహనరావు. 1950 తరువాతి యేండ్లలో ఆంధ్ర వారపత్రికలో ఆయన "టామ్ సాయర్", "హకల్‌బెరీ ఫిన్", "రాజూ-పేద", "కాంచనద్వీపం" మొదలగువానిని వరుసగా అనువదించెను. బాపు బొమ్మలు వ్రాసెను. వీనిలో "కాంచనద్వీపం" ఆంగ్లమున రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ వ్రాసిన ప్రసిద్ధ నవల. దాని పుట్టుకయే ఒక కథ. 1881లో స్కాట్లండు దేశపు బ్రేమార్ అను పల్లెలో, వాన వదలని దినములలో, స్టీవెన్సన్ తన సవతికుమారుని వినోదముకొఱకు ఒక దీవి పటమును వ్రాసి రంగులు వేసెను. పటమునుండి కథ పుట్టెను. అది మొదట ఒక పిల్లల వారపత్రికలో మాఱుపేరుతో వెలువడి, 1883లో పుస్తకమాయెను.

అందులో పీపా ఘట్టము కలదు. జిమ్ అను బాలుడు ఆపిలుపండు కొఱకు ఓడపైనున్న పీపాలో దిగును. పండ్లు దాదాపు అయిపోవుటచే లోపలికే దిగవలసి వచ్చినది. అంతలో వంటవాడు సిల్వర్ వచ్చి పీపాకు వీపు ఆనించి కూర్చుండి, నావికులతో కుట్ర మాటాడ నారంభించును. అందఱును మంచివాడని నమ్మిన, జిమ్ మిక్కిలి ఇష్టపడిన సిల్వరే దొంగల నాయకుడు! ఒక నావికుడు పండుకొఱకు పీపాలో చేయి పెట్టబోవును. ఇంకొకడు "పండెందుకు, సారాయి త్రాగుదము" అనుటచే జిమ్ బ్రదికెను. సిల్వర్‌కు కాలు ఒక్కటియే. నవల మొదటి పుటలలో ఒక ముసలి నావికుడు, "ఒంటికాలి నావికుడు వచ్చిన వెంటనే నాకు చెప్పుము" అని జిమ్‌కు నెలనెలా డబ్బిచ్చినాడు. మనకు చెప్పవలసినది రచయిత అచ్చటనే చెప్పెను. సిల్వర్ నవ్వుమొగము చూచి జిమ్‌తోపాటు మనమును మఱచితిమి.

ఇవియన్నియు పరదేశపు సరకే గదా, మన సాహిత్యమున లేవా యని యడుగువారు కలరు. 13వ శతాబ్దమున కేతన తిక్కన సోమయాజికి అంకితమిచ్చిన "దశకుమారచరిత్రము"లో పదిమంది కుమారులు విడిపోయి, మరల కలిసికొని, తమతమ సాహసములను చెప్పుకొందురు. 16వ శతాబ్దమున పింగళి సూరన వ్రాసిన "కళాపూర్ణోదయము" మాట చెప్పనేల! అందు కలభాషిణి యను యువతిని ఒక సిద్ధుడు సింహవాహనముపై ఎక్కించుకొని ఎచ్చటికో కొనిపోవును. ఎందులకు? చెప్పడు. ఒకచోట ఇద్దఱు రంభలు ఎదురెదురుగా నిలిచి "నేను నిజమైన రంభను, నీవు మాయరంభవు" అని వాదులాడుదురు. చదువరి తల తిరిగిపోవును. ఏ ముడి ఎచ్చట పడినదో, ఎవరు ఎవరి రూపము ధరించిరో కవి తరువాతి ఆశ్వాసములలో నెమ్మదిగా విప్పుచు పోవును. అన్నింటికి మూలమైన సంగతి బ్రహ్మలోకమున జరిగినది. దానిని మనకు తెలుపునది ఒక పసిబిడ్డ! ముందు జరిగినదానిని వెనుక చెప్పుట, కార్యమును చూపి కారణమును దాచుట అను నేర్పులను సూరన నాలుగువందల యేండ్లకు పూర్వమే పద్యకావ్యమున చూపెను.

తరువాత మధిర సుబ్బన్న దీక్షితులు పండ్రెండు భాగములుగా రచించిన "కాశీమజిలీ కథలు" వచ్చినవి. మణిసిద్ధుడను యతి కాశికి పోవుచు ఒక గొల్లబాలుని తోడు తీసికొనిపోవును. ప్రతి మజిలీలో బాలుడు ఊరు చూచి వచ్చి, తాను కన్న ఏదో ఒక వింతను గూర్చి "ఇది యేమి? ఇట్లేల జరిగెను?" అని యడుగును. జవాబే కథ. వింత ముందు, వివరణము వెనుక. 1951లో తెలుగువారిని ఉఱ్ఱూతలూగించిన "పాతాళభైరవి" చలనచిత్రపు కథకును కాశీమజిలీలతో చుట్టఱికము కలదు. ఆ చిత్రమును నిర్మించిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే అంతకుముందు, 1947 జూలైలో, మదరాసున "చందమామ" మాసపత్రికను స్థాపించియుండిరి.

పెద్దల ఫిర్యాదునకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చును. దానిలో నిజము లేకపోలేదు. 20వ శతాబ్దపు తొలి దశాబ్దములలో దేవరాజు వేంకటకృష్ణారావు "వాడే వీడు" వంటి రచనలతో తెలుగున అపరాధ పరిశోధక నవలకు దారి వేసెను. 1950 తరువాత కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన పరిశోధకుడు యుగంధర్, అతని సహాయకుడు రాజు ఇంటింట తెలిసిన పేర్లయిరి. రైల్వే స్టేషనులలోను, అద్దెకు పుస్తకము లిచ్చు దుకాణములలోను ఇట్టివి కుప్పలుగా దొరకెడివి. ఆ కుప్పలో మేలైనవియు కలవు, రక్తపాతము తప్ప మఱేమియు లేనివియు కలవు. అవి పెద్దలకొఱకు వ్రాయబడినవే గాని పిల్లలకొఱకు కాదు. అట్లని అట్ట చూచి అన్నింటిని నిషేధించుట, కొన్ని కాయలు చేదని తోటనే నఱకుట వంటిది. మంచిదానిని పోల్చుటకు నేను విద్యార్థులకు చెప్పు పరీక్ష యొకటి: ముగింపు తెలిసిన పిదప పుస్తకమును మరల చదువుడు. చెడ్డ నవలకు రెండవ పఠనమున ప్రాణముండదు. మంచి నవల రెండవసారి మఱింత రుచించును. తలగుడ్డ ఎచ్చట తడిసెనో, గడియారము ఎచ్చట కనబడెనో చూచి, మొదటిసారి మన మెట్లు ఏమఱితిమో తెలిసికొందుము. ఆ విధముగా ఒక్క పుస్తకమును రెండుమారులు చదివిన బాలుడు తరువాత ఏ గ్రంథమును కన్నుమూసికొని చదువడు, చరిత్రపాఠమును గూడ.

చందమామ ప్రతినెల చేసిన పని ఇదియే. అందు బేతాళకథ యొకటి ప్రతి సంచికలో నుండెడిది. బేతాళుడు కథ చెప్పి, చిక్కుప్రశ్న యడిగి ఆగును. విక్రమార్కుడు జవాబు చెప్పులోపల పుస్తకము మూసి తామే ఆలోచించు పిల్లలు ఎందఱో యుండిరి. దాని కంటె పెద్ద ఆకర్షణ ధారావాహిక. 1954లో "తోకచుక్క"తో ఆరంభమై "మకరదేవత", "ముగ్గురు మాంత్రికులు", "కంచుకోట", "జ్వాలాద్వీపం", "రాకాసిలోయ", "పాతాళదుర్గం", "శిథిలాలయం", "రాతిరథం", "యక్షపర్వతం", "మాయాసరోవరం", "భల్లూక మాంత్రికుడు" వఱకు పండ్రెండు సాహసగాథలు దాదాపు పాతికేండ్లు నడచినవి. ఖడ్గవర్మ జీవదత్తులు, శిఖిముఖి విక్రమకేసరులు ఆపదనుండి ఆపదకు దాటుచుందురు. ప్రతి భాగమును గండముకడ నిలిచిపోవును. ప్రతి భాగపు మొదటను జరిగిన కథ నాలుగైదు వాక్యములలో ఉండును. నడుమ ఒక నెల! ఈ కాలపు పిల్లలకు ఆ నెల పొడవు తెలియదు. ఊరికి ఒకటో రెండో ప్రతులు వచ్చెడివి. అవి చేతులు మాఱి చేరునప్పటికి అట్ట యుండెడిది కాదు. ఆ నెలయంతయు పిల్లలు ముందు కథను తామే కల్పించుకొని తర్కించుకొనెడివారు. ఏ పాఠమును అంతటి ఇంటిపనిని కల్పింపలేదు.

ఆ కథలలో లోపములు లేవని చెప్పను. మాంత్రికులు, రాక్షసులు, వింతజంతువులు వచ్చుచు పోవుచుండగా, ముందు చూపని ఆధారముతో గండము గడచిన చోట్లును కలవు. సాహసము చేయు వంతు బాలికలకు మిక్కిలి అరుదు. అయినను ఆ వాక్యములు! 1952లో చందమామకు వచ్చి, 1980లో మరణించువఱకు దానిని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు, పిల్లవాడు తడబడకుండ చదువగల చిన్నవాక్యములనే అంగీకరించెడివాడు. నావంటి పండితులకు ఆ వాడుకభాష మొదట మ్రింగుడుపడలేదు గాని, గ్రాంథికము వ్రాయు నేనును ఒప్పుకొందును - తెలుగు అక్షరములను పరుగెత్తించుట ఎందఱో పిల్లలు నేర్చినది దానివలననే. ఇక "చిత్రా" అను సంతకముతో టి.వి. రాఘవన్ వ్రాసిన బొమ్మలు కథలో సగము. 1978లో ఆయన మరణించువఱకు ఆ వింతలోకమునకు రూపమిచ్చినది ఆయన చేయియే.

బొమ్మలకు సంతకము కలదు. కథకు? పండ్రెండు ధారావాహికలలో ఒక్కదానిపైనను రచయిత పేరు లేదు. పాతికేండ్లపాటు నెలనెలా లక్షలమంది నోట "తరువాత?" అను మాట పలికించినవా డెవడో ఆ పాఠకులకు తెలియదు. తెలిసికొనవలెనని తోచను లేదు. కథ చందమామది, అంతియే. నాకు తెలిసినంతలో తెలుగు బాలసాహిత్యమున ఇంతకాలము విడివడని రహస్యము వేఱొకటి లేదు. ఆ రచయిత దాసరి సుబ్రహ్మణ్యం. గుంటూరు సీమనుండి మదరాసునకు పోయి, 1952లో చందమామ కార్యాలయమున చేరి, 2006 వఱకు అచ్చటనే పనిచేసినవాడు. పదవిని, పేరును కోరక, బల్లముందు కూర్చుండి వ్రాసినవాడు. నాటి బాలురు పెద్దవారై, పాత సంచికలు వెదకి, ఆయన యెవరో ఒకరికొకరు చెప్పుకొనునప్పటికి ఆయన వృద్ధుడు. 2010 జనవరిలో విజయవాడలో మరణించెను. చందమామయు ఆ తరువాత కొలదియేండ్లకే నిలిచిపోయినది.

ఓరుగల్లు సీమకు పుస్తకములను ప్రేమించుట క్రొత్త కాదు. నిజాము పాలనలో బడిచదువు ఉర్దూలో సాగుచున్న కాలమున, 1904లోనే హనుమకొండలో శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినది. తెలుగు పుస్తకము దొరకుటయే ఒక సాహసమైన దినము లవి. ఇప్పుడు దొరకుట కష్టము కాదు. "కాంచనద్వీపం", "టామ్ సాయర్" పలుమార్లు మరల అచ్చయినవి. చందమామ ధారావాహికలును ఇటీవలి సంవత్సరములలో చిత్రా బొమ్మలతోనే పుస్తకములుగా వెలువడినవి. గ్రంథాలయమున అడిగి "శిథిలాలయం" తీసికొని చూడుడు. ఈసారి అట్టమీద రచయిత పేరున్నది.